రాజేశం మిస్త్రీ చుక్కల గోడ: ఖటోదరా నుంచి డుమస్ దాకా ఒక ఆదివారం

ముందుగా ఒక క్షమాపణ. నా తెలుగు ఏడవ తరగతి దగ్గర ఆగిపోయిన తెలుగు. ఆ తర్వాత చదివినదంతా సూరత్‌లోనే, పగలు పని చేసుకుంటూ, రాత్రి బడిలో, హిందీ మాధ్యమంలో చదివాను. నలభై నాలుగో ఏట డిగ్రీ పట్టా అందుకున్నాను. పద్ధతిగా రాయాలన్న కోరిక ఉంది కానీ అందుకు తగినన్ని మాటలు నా దగ్గర లేవు. వాక్యం కుంటుపడినచోట పాఠకులు మన్నించాలి. కొలతల విషయంలో మాత్రం ఎవరూ మన్నించనక్కరలేదు. అవి సరిగానే ఉంటాయి.

ఈ ప్రయాణానికి కారణం మా తెలుగువారి వాట్సాప్ బృందంలో శుక్రవారం వచ్చిన ఒక సందేశం. పాత రేసు ఇంజన్లు కట్టిన రాజేశం మిస్త్రీ షెడ్డును ఆదివారం ఖాళీ చేస్తున్నారు, పనివారి వస్తువులు ఏవైనా మిగిలి ఉంటే వచ్చి తీసుకుపోవచ్చు అని అందులో ఉంది. మిస్త్రీ గతేడాది వానాకాలంలో కాలం చేశారు. జగిత్యాల వైపు పల్లె నుంచి మగ్గాల ఫిట్టర్‌గా వచ్చి, ఒక మిల్లు యజమాని గోదాములో తుప్పుపట్టిన విదేశీ రేసు మోటారు సైకిల్‌ను విప్పి, తిరిగి కట్టి, నడిపించి చూపిన మనిషి ఆయన. ఆ తర్వాత ముంబై, పుణె నుంచి ధనవంతులు తమ తాతల నాటి రేసు బండ్ల ఇంజన్లను గోనెసంచుల్లో చుట్టుకుని ఖటోదరా సందులోకి వచ్చేవారు. వాటికి పుస్తకాలు లేవు, విడిభాగాలు దొరకవు. ఆయన మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఒక కొనను ఇంజనుకు, రెండో కొనను తన చెవికి ఆనించి కళ్ళు మూసుకుని వినేవారు. లోపల ఏది వదులైందో, ఏది బిగిసిందో చెప్పేవారు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఆయన దగ్గర ఏడాదిన్నర పనిచేశాను. పని మానేశాక ఇరవై అయిదేళ్ళపాటు ఆ సందులో అడుగు పెట్టలేదు. ఆయన పోయినప్పుడు కూడా వెళ్ళలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకు లింబాయత్‌లో షేరింగ్ ఆటో ఎక్కాను. ఉధనా దర్వాజా దాకా మనిషికి ఇరవై రూపాయలు. ఆదివారం కావడంతో ముందు సీటు ఖాళీగా దొరికింది. ఆటో నడిపే యువకుడు మనవాడే, సూరత్‌లో పుట్టి పెరిగినవాడు. నా చేతిలోని ఉక్కు కొలబద్దను చూసి పలకరించాడు.

"ఏ సైడ్ పోతున్నవ్ కాకా, ఆదివారం సుత డ్యూటీయేనా?"

"డ్యూటీ కాదు. ఖటోదరాలో రాజేశం మిస్త్రీ షెడ్డుకు పోతున్న."

"గా ఇంజన్ల పెద్దమనిషిదా? మా పప్పా శాన చెప్తుండె. ఆయన జిందగీల ఒక్కటే గల్తీ చేసిండంట. ఏక్ హీ బార్. నేనైతే పొద్దటి సంది మూడు చేసిన కాకా, ఇంక నాస్తా సుత చెయ్యలే."

వెనుక కూర్చున్నవారు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఒక్క తప్పు ఆయనది కాదని ఆ ఆటోలో నాకొక్కడికే తెలుసు.

అక్కడ మరో ఆటో మారి ఖటోదరాలో దిగేసరికి తొమ్మిది దాటింది. పాత నేత యూనిట్ల మధ్య, రంగునీళ్ళ వాసన వచ్చే సందు చివర, రేకుల షెడ్డు అలాగే ఉంది. లోపలికి వెళ్ళగానే కుడివైపు గోడ కనిపించింది. దాని గురించి చెప్పకపోతే తర్వాతి విషయం అర్థం కాదు. మిస్త్రీ దగ్గర పాడైన భాగాన్ని తుక్కులో వేసే పద్ధతి లేదు. పాడుచేసినవాడు సెంటర్ పంచ్ అనే మొనతేలిన ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టి ఆ భాగం మీద తన గుర్తు పెట్టి, గోడకు మేకు దిగ్గొట్టి, అందరికీ కనబడేలా వేలాడదీయాలి. అక్షరాలు రానివారు ఎక్కువ కాబట్టి గుర్తులు చుక్కలే. మిస్త్రీది ఒక చుక్క. తర్వాత చేరినవారికి వరుసగా రెండు, మూడు. నాది నాలుగు. గుర్తు పెట్టే ముందు మరొక నియమం ఉంది. ఆ తప్పు వల్ల నష్టపోయిన మనిషి దగ్గరికి వెళ్ళి, ఇది నేను చేశానని నోటితో చెప్పాలి. అప్పుడే పంచ్ ముట్టుకోవాలి. కొత్తగా పనిలో చేరినవారికి మొదటిరోజు పనిముట్లు ఇచ్చేవారు కాదు. ఆ గోడ ముందు నిలబెట్టి, ఒక్కో ముక్కను చేత్తో పట్టుకుని చూడమనేవారు. గోడ మీద నాలుగు చుక్కల ముక్కలు పదకొండు ఉన్నాయి. అవి చూసి నేను సిగ్గుపడను. పన్నెండోది నా గుర్తుతో లేదు. నేను వచ్చింది దానికోసమే.

అది పాత అయిదు వందల సీసీ రేసు ఇంజన్ సిలిండర్. గోడ మధ్యలో వేలాడుతోంది. దాని కింది అంచు మీద ఒకే ఒక చుక్క ఉంది.

జరిగింది ఇది. డుమస్ తీరంలో సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక గట్టిపడినప్పుడు, పాత బండ్లవారు అప్పట్లో సరదా పందేలు పెట్టుకునేవారు. మరునాటి పందెం కోసం ఆ సిలిండర్‌ను నాకు ఇచ్చి, లోపలి వ్యాసం పిస్టన్ కన్నా అయిదు థౌ ఎక్కువ ఉండేలా కోయమన్నారు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక థౌ. నా చేతిలోని కొలత డయల్ మిల్లీమీటర్లది, ఒక్కో గీత మిల్లీమీటరులో నూరోవంతు. అయిదు థౌ అంటే అలాంటి గీతలు సుమారు పదమూడు. ఆ లెక్క చేయడానికి దశాంశాలు రావాలి. నాకు రావు. ఎదురుగానే మిస్త్రీ ఉన్నారు, అడిగితే చెప్పేవారు. పదకొండు ముక్కలు గోడకు వేలాడదీసినవాణ్ణి, ఏడవ తరగతి లెక్క రాదని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. డయల్ మీద అయిదు గీతలు చూసి ఆపేశాను. తేడా ఒక వెంట్రుక మందమంత ఉంటుంది. మరునాడు పందెంలో పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌లో పట్టేసింది. వెనుక చక్రం ఆగిపోయింది. బండి నడుపుతున్న ఇలియాస్ భాయ్ ఎగిరి పడి, కాలర్ ఎముక, ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆయన మళ్ళీ పందెంలో పాల్గొనలేదు. ఆ వారమే నేను హజీరాలో వేరే పని చూసుకుని వెళ్ళిపోయాను. మిస్త్రీ ఆ సిలిండర్ మీద తన చుక్క పెట్టుకున్నారని తర్వాత ఎవరో చెప్పారు. తర్వాతి రెండేళ్ళు బయటి ఊళ్ళవారు ఆయనకు ఇంజన్లు ఇవ్వడం మానేశారని కూడా విన్నాను. రాత్రి బడిలో చేరిన మొదటి రోజున, ఏమి నేర్చుకోవాలని ఉందని మాస్టారు అడిగితే, దశాంశాలు అన్నాను. ఇప్పుడు నేను హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో కొలతల తనిఖీ విభాగంలో ఉన్నాను. నా సంతకం లేకుండా ముక్క బయటికి పోదు.

షెడ్డు ఖాళీ చేయిస్తున్నది మిస్త్రీ కూతురు సుజాత. ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు. నన్ను చూసి చేతిలోని పెట్టె కింద పెట్టింది.

"గంగన్నా, ఇన్నేండ్లకు రస్తా దొరికిందా? బాపు పోయినప్పుడు సుత రాలే. హజీరా గేటు బయటికి ఇడిసిపెడ్తలేరా ఏంది?"

"రావాల్సింది చెల్లె. తప్పే."

"సరే కూసో. చాయ్ తాగు. ఈయన ఓంకార్, పుణె నుంచి వచ్చిండు. గోడ మొత్తం ఆల్లే తీస్కపోతున్నరు. నాలుగింటికి ట్రక్కు కదుల్తది."

పుణెలో పాత మోటారు సైకిళ్ళు సేకరించే ఒక పెద్దమనిషి, తన ప్రదర్శనశాలలో ఈ గోడను ఉన్నది ఉన్నట్టుగా తిరిగి నిలబెట్టబోతున్నాడు. ఓంకార్ ఆయన తరఫున ఒక్కో ముక్కకు వివరపు చీటీ రాస్తున్నాడు. సిలిండర్‌కు అప్పటికే కట్టిన చీటీ మీద హిందీలో ఇలా ఉంది: మహా మిస్త్రీ చేసిన ఒకే ఒక తప్పు. నాలుగు దాటితే ఆ మాట పుణె వెళ్ళిపోతుంది. అద్దాల వెనుక నిలబడుతుంది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, జరిగినదంతా సుజాతకు చెప్పాను. ఓంకార్ కోసం హిందీలో మళ్ళీ చెప్పాను.

మొదట స్పందించింది ఓంకారే. అతని ముఖం వెలిగింది. "అంటే మిస్త్రీ జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదన్నమాట. ఇది ఇంకా మంచి కథ. ఒక చుక్క పక్కన మూడు పెడితే నాలుగవుతాయి. చీటీ నేను మారుస్తాను" అన్నాడు.

నిజం రాయాలంటే, లింబాయత్‌లో ఆటో ఎక్కినప్పటి నుంచి నేనూ అదే లెక్క వేసుకుంటున్నాను. మూడు దెబ్బలతో ఆయన పేరు శుభ్రమవుతుంది. సుజాత మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మూడు పెడ్తే నీది ఐతది అన్నా. బాపుది పోతది. ఆయన ఆ చుక్క ఊకెనే పెట్టుకోలే."

"నా తప్పును ఆయన మీద వేసుకున్నడు చెల్లె."

"ఎవలు చెప్పిన్రు? షెడ్డుల రెండో చేయి రూల్ ఉండెనా లేదా? ఒకడు చేసిన ముక్కను ఇంకోడు కొలిచినంకనే కట్టాలె. ఆ దినం రెండో చేయి ఎవలిది?"

"మిస్త్రీదే."

"కొలిచిండా?"

పందెం మరునాడే కావడంతో, నా పని మీద నమ్మకంతో, ఆయన ఆ ఒక్కసారి కొలవలేదు. ఆ సంగతి నాకు తెలుసు. దాన్ని తప్పు అనుకోవాలని మాత్రం ఇన్నేళ్ళలో తోచలేదు.

"కొలువలే, గా మాట బాపే చెప్పిండు" అంది సుజాత. "ఆయన తప్పుకు ఆయన చుక్క పెట్టుకున్నడు. నీ తప్పుకు నువ్వు పెట్టుకోవాలె. ఇరవై అయిదేండ్లు లేట్, అంతే. బస్."

"నేను చేసింది ఆయనకు తెలుసా?"

"నాకు తెల్వది. ఇంట్ల నీ పేరు ఎన్నడు తియ్యలే. మంచిగ తియ్యలే, చెడ్డగ తియ్యలే." ఓంకార్ తీసి పెట్టిన పంచ్‌ను ఆమె గోడ మీద దాని మేకుకే మళ్ళీ తగిలించింది. "రూల్ యాదికుందిగా. పడ్డది ఇలియాస్ భాయ్. డుమస్‌ల భజియాల బండి పెట్టుకున్నడు. ముందు ఆయనకు చెప్పి రా. నాలుగు దాటితే నేను ట్రక్కు ఆపలేను. చీటీ ఎట్లున్నది గట్లనే పోతది."

పదకొండు గంటలకు బయలుదేరాను. డుమస్ వైపు సిటీ బస్సులు దొరుకుతాయి. నేను ఒకచోట మారవలసి వచ్చింది, రెండు టికెట్లూ కలిపి ముప్పై రూపాయల లోపే అయింది. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో బస్సు నిండిపోతుంది కనుక గంటంబావు పట్టింది. చివరి స్టాపు నుంచి తీరం దాకా నడక. ఇసుక ఇక్కడ నల్లగా ఉంటుంది, సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఉంది. భజియా బండ్ల వరుసలో ఇలియాస్ భాయ్‌ని ఆయన ఎడమ మణికట్టును బట్టి గుర్తుపట్టాను. జల్లిగరిటెను కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఎడమచేయి కొంచెం బయటికి తిరిగి, పిండి గిన్నె అంచు మీద ఆని ఉంది. సూరతీ మనిషి అయినా, మన మిస్త్రీల మధ్య ఏళ్ళు గడిపి మన యాసలోనే తెలుగు నేర్చుకున్నాడు.

"భాయ్, నన్ను గుర్తుపట్టినవా?"

గరిటె ఆపి నా ముఖంలోకి చూశాడు. "నాలుగు చుక్కలోనివి. పేరు యాదికి లేదు. కూసో, టమాటా భజియా తిను. ఆకలి మీద చెప్పే మాట సక్కగ రాదు."

టమాటా చక్రం మీద పచ్చి చట్నీ దట్టించి, శనగపిండిలో ముంచి వేయించిన భజియా అది. ప్లేటు వంద రూపాయలు. నేను తినలేదు. నిలబడే చెప్పాను. అయిదు థౌ కోయమన్నారని, రెండు థౌలంత మాత్రమే కోశానని, లెక్క రాక, అడగడానికి నామోషీపడి అలా చేశానని, ఆ తర్వాత పారిపోయానని చెప్పాను. ఆయన భజియాలు తిప్పుతూ విన్నాడు. ముందు ముఖం ఎర్రబడింది. తర్వాత సూరత్‌వారు మాటకు ముందు అలవాటుగా వేసే ఒక తిట్టు వేశాడు. దాన్ని ఇక్కడ రాయను.

"అంటే ఇప్పుడు నువ్వు వచ్చి గది నీ తప్పు అంటవ్?"

"నాదే భాయ్."

"మిస్త్రీ సుత గిట్లనే. దవాఖానల నా మంచం పక్కన కూసొని, నాది ఇలియాస్, నాది అనుడే. జర నా మాట ఎవలన్న ఇంటరా? కొత్త పిస్టన్, పది నిమిషాలు యాక్సిలేటర్ సగం మీద తిప్పకు అని మిస్త్రీ నాకు చెప్పిండు. ఖుద్ చెప్పిండు. నేను రెండో నిమిషంలనే మొత్తం తిప్పిన. నీ రెండు థౌ మీద నెమ్మదిగ పోతే ఆ ఇంజన్ పట్టెయ్యకుంట నడుస్తుండెనేమో. నేను పోనియ్యలే."

"ఎందుకు భాయ్?"

ఆయన గరిటెతో పక్కకు చూపించాడు. పిండి కలుపుతున్న ఆయన భార్య జుబేదా తల ఎత్తకుండానే గుజరాతీలో అన్నది: "నేను చూస్తున్నానని అంటాడు. నేను అప్పుడు అటువైపు తిరిగి ఐస్ గోలా తింటున్నాను. పడిన చప్పుడుకే తిరిగాను."

"చూసినవా?" అన్నాడు ఇలియాస్ భాయ్. "ఇగ గా సిలిండర్ మీద నా చుక్క పెట్టమంటే మిస్త్రీ ఏమన్నడు? నువ్వు షెడ్డు పనోనివి కాదు, గిరాకీ తరఫున బండి నడిపేటోనివి, నీకు చుక్క లేదు అన్నడు. ఎముకలు ఇరిగింది నాకు, చుక్క ఆయనకా? ఇరవై అయిదేండ్ల సంది నేను మాట పడుతున్న, ఆ గోడ మీద నాకు జాగ లేదు."

క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, ఆ సంగతే మరచిపోయి ఆయనతో వాదనకు దిగాను. నాది ముందు జరిగింది కనుక నాదే పెద్దదన్నాను. చివర జరిగిందే లెక్క అని ఆయన అన్నాడు. జుబేదా గిన్నె పక్కన పెట్టి, ఇద్దరూ ఇక్కడ గిరాకీలను చెడగొట్టకుండా వెళ్ళి ఆ ఇనుపముక్కతోనే తేల్చుకోమంది. అప్పటికి రెండుంబావు అయింది.

తిరుగు ప్రయాణం ఆయన మోటారు సైకిల్ మీద జరిగింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కూడా వేగం ముల్లు నలభై దాటలేదు. గడియారం చూసుకుంటూ, జర తొందరగ పోదాం భాయ్ అన్నాను.

"పోయిన వారమే కొత్త పిస్టన్ ఏయించిన" అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఇప్పుడన్న మిస్త్రీ మాట ఇననీ."

ఇక నేను తొందరపెట్టలేదు. షెడ్డు చేరేసరికి నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ. గోడ దాదాపు ఖాళీ అయిపోయింది. మేకులు మాత్రం మిగిలాయి. ట్రక్కువాడు తాళ్ళు బిగిస్తున్నాడు. సిలిండర్‌ను మాత్రం సుజాత పెట్టెలో పెట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇలియాస్ భాయ్ తన వాదన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆమె పరీక్షపత్రం దిద్దుతున్నట్టుగా విని, "బాపు రూల్ ప్రకారం నువ్వు పనోనివి కాదు కాకా. కానీ ఇప్పుడు షెడ్డు నాది" అంటూ పంచ్ తీసి నా చేతికిచ్చింది.

మిస్త్రీ చుక్కకు ఒక వేలెడు దూరం వదిలి, నాలుగు కొట్టాను. రోజూ మైక్రోమీటరు పట్టుకునే చేయి కనుక వరుస తిన్నగా వస్తుందనుకున్నాను. మూడోది కొంచెం పక్కకు పోయింది. సరిచేయడానికి వీలుండదు. తర్వాత ఇలియాస్ భాయ్ వంతు. షెడ్డులో చివరగా చేరిన పనివాడిది తొమ్మిది చుక్కలు కనుక ఆయనకు పది వచ్చాయి. ఎడమచేత్తో పంచ్ నిలబెట్టలేకపోయాడు. సుజాత పంచ్ పట్టుకుంది, నేను సిలిండర్ పట్టుకున్నాను, ఆయన సుత్తి వేశాడు. ఏడో దెబ్బ దగ్గర ఆగి, "పది జర ఎక్కువైతలేవా?" అన్నాడు. "పూర్తి చెయ్ కాకా, ఏడుతో ఆపితే ఇంకెవలియో అనుకుంటరు" అంది సుజాత. పూర్తి చేశాడు.

చీటీ మీద ఇప్పుడు ఏమి రాయాలని ఓంకార్ అడిగాడు. సుజాత చెప్పింది, అతను హిందీలో రాశాడు, కింద నేను తెలుగులో రాశాను: "ఒక చుక్క, కొలవని రాజేశం మిస్త్రీది. నాలుగు చుక్కలు, లెక్క అడగని గంగాధర్‌వి. పది చుక్కలు, ఆగని ఇలియాస్‌వి." మహా అన్న మాట పోయింది. ట్రక్కు నాలుగుంబావుకు కదిలింది. పంచ్ మాత్రం సుజాత పంపలేదు. తన తరగతి గదిలో పెట్టుకుంటానంది.

ఒకే ఒక తప్పు చేసిన మనిషి అన్న కథను ఇరవై అయిదేళ్ళు ఊరంతా చెప్పుకుంది. నాకు అది అనుకూలంగా ఉంది కనుక నేనూ దాన్ని నడవనిచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కథ ఆయనకు గౌరవం కూడా కాదనిపిస్తోంది. ఆయన గొప్పతనం తప్పులు చేయకపోవడంలో లేదు. పాడైన ముక్కను పనివారి కళ్ళ ముందు వేలాడదీసి, వారిని పనిలో ఉంచుకోవడంలో ఉంది. తన దగ్గర పదకొండుసార్లు చెడగొట్టినవాణ్ణి కూడా పన్నెండోసారి నమ్మి, ఆ నమ్మకంలో తాను చేసిన పొరపాటును వేరుగా లెక్కగట్టి, దానికి మాత్రమే గుర్తు పెట్టుకున్నారు. నా వంతు స్థలాన్ని ఖాళీగా వదిలారు. ఆయనకు తెలిసి వదిలారో, తెలియక వదిలారో తేల్చే కొలమానం నా దగ్గర లేదు. హజీరాలో నా సంతకం కోసం వరుసలో నిలబడే ముక్కలలో పాడైనవాటిని నేను ఇన్నాళ్ళూ ఎర్రరంగు వేసి తుక్కుకు పంపిస్తూ వచ్చాను. చేసినవాడు ఎందుకు అడగలేదో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇదే దారిలో వెళ్ళదలచినవారికి ఒక సూచన. ఖటోదరాలో ఇక చూడవలసినది లేదు కనుక నేరుగా డుమస్ వెళ్ళండి. ఆదివారమైతే పదకొండు లోపల బస్సు ఎక్కి మూడు లోపల తిరుగుముఖం పట్టండి, ఆ తర్వాత బస్సులో నిలబడటానికి కూడా చోటు దొరకదు.

ఇక ఇది తర్వాత ఎవరు చదవాలన్నది. ముందుగా మా తనిఖీ విభాగంలో నా కింద పనిచేసే ఆరుగురు చదవాలి. వారికి సోమవారం ఉదయం, పని మొదలుకాక ముందే, నేనే నిలబడి చదివి వినిపిస్తాను. ఆ తర్వాత, తమ చేతి కిందివారు చేసిన పనిని కొలవకుండా సంతకం పెట్టే పెద్దలకు దీన్ని అందించండి. మూడోది, మీ పక్క యంత్రం దగ్గర లెక్క రాకుండా తల ఊపుతున్నవాడు ఒకడు ఉంటాడు. వాడికి చదవడం రాకపోవచ్చు. కూర్చోబెట్టి వినిపించండి.